సన్నబడ్డాక పుట్టిన రాయి

నల్లగొండలో ‘రాళ్లు’ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది కిడ్నీయే. ఉలవకట్టు తాగమని ఒకరు, అరటిదవ్వ రసం మంచిదని ఇంకొకరు. నెపం మాత్రం అందరూ బోరునీళ్ల మీదే వేస్తారు. తరాలుగా ఫ్లోరైడ్ తిప్పలు పడ్డ జిల్లా కదా, నీళ్లను అనుమానించడం అలవాటైపోయింది. మా బంధువు ఒకాయనకు పిత్తాశయంలో (కాలేయం కింద పైత్యరసాన్ని దాచుకునే చిన్న సంచి, గాల్‌బ్లాడర్) రాళ్లని తేలినప్పుడూ ఇంట్లో ముందు మార్చింది వాటర్ క్యాన్‌నే.

ఆయన హైదరాబాద్‌లో బరువు తగ్గేందుకు పొట్ట బైపాస్ సర్జరీ చేయించుకుని ఆరు నెలల్లో 30 కిలోలు తగ్గాడు. ఊరంతా మెచ్చుకుంది. తర్వాత ఒక దావత్‌లో బగారా అన్నం, మటన్ నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, రాత్రికి కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపు దాకా పాకింది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు.

అసలు సంగతి తగ్గిన వేగంలో ఉంది. ఒంట్లో కొవ్వు గబగబా కరిగితే అందులోని కొలెస్ట్రాల్ కాలేయం మీదుగా పైత్యరసంలోకి చేరుతుంది. తిండిలో నూనె, కొవ్వు తగ్గేసరికి పిత్తాశయం ముడుచుకుని రసాన్ని బయటికి పంపడమూ తగ్గుతుంది. నిలవున్న రసం అడుగున మడ్డి పడుతుంది, ఆ మడ్డే గట్టిపడి రాయవుతుంది. బోరునీళ్ల పాపమేమీ లేదు.

పేగుల్లోని బ్యాక్టీరియా మీదా ఇప్పుడు పరిశోధకుల కన్ను పడింది. కొన్ని రకాలు పైత్య ఆమ్లాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది తిరిగి కాలేయానికి చేరి, పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెరిగేలా చేస్తుంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో రాళ్లున్నవారి మలంలోని సూక్ష్మజీవులను ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ రాళ్లు వచ్చాయి. సర్జరీతో తిండి దారి మారితే పేగుల్లో ఉండే బ్యాక్టీరియా రకాలూ మారతాయి. అయినా ఎలుక ఎలుకే. ఈ కథ చెప్పి ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ అమ్మేవాళ్లను నేనైతే నమ్మను.

రాళ్లు రాకుండా ఆపడంలో రుజువున్నది పాత మందుకే, ఉర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లానికి. (అదీ పైత్య ఆమ్లమే, మొదట ఎలుగుబంటి పైత్యరసంలో దొరికింది.) నెదర్లాండ్స్‌లో బరువు తగ్గే సర్జరీ చేయించుకున్న దాదాపు వెయ్యి మందిపై జరిపిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. రోజుకు 900 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు వాడినవారిలో, రెండేళ్లలో రాళ్ల బాధ పడ్డది 6.5 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 9.7 శాతం. తేడా బ్రహ్మాండమేమీ కాదు, కానీ మాత్రతో పోయేదానికి ఇంకో ఆపరేషన్ ఎందుకు? సర్జరీ ప్యాకేజీలోనే ఆరు నెలల మాత్రలు, సొంత జిల్లాలో ఒక స్కానింగ్ కలిపి ఇవ్వాలి.

మావాడి డిశ్చార్జ్ కాగితం బండి ఆర్సీ కవర్‌లో మడతపెట్టి ఉంది. విప్పితే ఆ మాత్ర పేరు, పక్కన ‘6 నెలలు’ అని. నొప్పేమీ లేదు కదా అని మొదటి నెలకే ఆపేశాడట. ఇప్పుడు పిత్తాశయం తీయించక తప్పదన్నారు. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: “డాక్టర్ సాబ్, మరి బోరునీళ్లు తాగొచ్చా?”