మొల్ల పేరు బరువేమీ కాదు

సాహిత్యంలోంచి ఆడపిల్లకు పేరు ఎంచుకోవడం గురించి రాస్తూ ఒకరు, మనుచరిత్ర కావ్యంలోని వరూధిని పేరు బాగుందన్నారు, పాతకాలం కవయిత్రి మొల్ల పేరు మాత్రం ఈ కాలం పిల్లకు బరువవుతుందన్నారు. మాది బద్వేలు. మొల్ల ఊరిగా చెప్పుకునే గోపవరం మాకు పక్కనే. అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన నెల మా పాపకు పేరు పెట్టేటప్పుడు చివరికి ఈ రెండే మిగిలాయి. వరూధిని అని పిలుస్తుంటే చెవికి ఎంత బాగుంటుందో! కానీ మనుచరిత్రలో ఆమె మనసుపడ్డ ప్రవరుడు తోసేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి మోసం చేస్తాడు. పాప పెద్దయ్యాక తన పేరు వెనక కథ అడిగితే ఏం చెప్పాలని మా ఆవిడకు టెన్షన్. తప్పు వరూధినిది కాదు, నిజమే. అయినా మనసొప్పలేదు.

మొల్ల అలా కాదు. ఒకరు రాసిన పాత్ర కాదు, తానే రామాయణం రాసిన మనిషి. తేనె తగలగానే నోరు తీపయినట్టు పద్యం వినగానే అర్థం తోచాలి, లేకపోతే అది మూగ చెవిటివాళ్ల ముచ్చటేనని అందులోనే చెప్పింది. మా ఇంట్లో చదువుకోని అవ్వకు కూడా ఆ మాట నచ్చింది.

స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారని మా అత్తమ్మ భయపడింది. మొల్ల అంటే మల్లె జాతి పువ్వే. మల్లిక అంటే ముద్దుగా ఉన్నప్పుడు మొల్లకేం తక్కువ? ఆ పేరే పెట్టాం. అవ్వ అప్పుడే "మొల్లమ్మా" అని పిలుస్తోంది, పాప తల తిప్పి చూస్తోంది.