సంకెళ్లు వేసి మరీ వెతికారు

ఐర్లండ్ ప్రభుత్వానికి ఐరిష్ భాష వచ్చిన ఉద్యోగులు దొరకడం లేదట. ఎంత కష్టం వచ్చిపడింది! 1937 రాజ్యాంగం ఎనిమిదో అధికరణంలో ‘ప్రథమ అధికార భాష’గా కూర్చున్న భాష. బడిలో పిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లు నూరిపోసే భాష. 2022 జనగణనలో 18 లక్షల 73 వేల మందికి పైగా ‘మాకు వచ్చు’ అని చెప్పుకున్న భాష. కౌంటర్ వెనక కుర్చీలోకి మాత్రం మనిషి కరువు! బడి బయట రోజూ మాట్లాడేది సుమారు 72 వేల మందే కదా అని సర్కారువారు సణగొచ్చు. ఆ 72 వేల మందికీ ఉద్యోగాలు ఇచ్చేశారా మరి?

అసలు వీళ్లు ఎలా వెతుకుతారో తెలియాలంటే ఒక ఉదంతం వినాలి. నా కల్పన కాదు, ఐరిష్ మాట్లాడేవాళ్ల హక్కులు చూసే అక్కడి భాషా కమిషనర్ నివేదికకెక్కింది. ఏదో చిన్న ట్రాఫిక్ విషయంలో ఒక కుర్రాణ్ని పోలీసులు ఆపారు. కుర్రాడు ఐరిష్‌లో మాట్లాడాడు. అది అతని హక్కు. ఆ పోలీసు దళం పేరు ‘గార్డా షీహానా’, అంటే శాంతి రక్షకులు. అచ్చమైన ఐరిష్ పేరు. ఆ పేరుతో జీతం తీసుకునేవాళ్లు ఆ భాష చెవిన పడగానే కుర్రాడికి బేడీలు వేసి స్టేషన్‌కు పట్టుకెళ్లారు. ఐరిష్ వచ్చిన పోలీసు దొరికేదాకా అక్కడే కూర్చోబెట్టారు.

స్టేషన్‌లో ఆ గాలింపు ఎలా సాగి ఉంటుందో ఊహించుకోండి.

‘‘ఏమయ్యా, నీకు వచ్చా?’’

‘‘బళ్లో చదివాను సార్. టాయిలెట్‌కు వెళ్లొచ్చా అని అడగడం వరకూ గుర్తుంది.’’

అక్కడ బడికెళ్లిన ఎవరిని కదిపినా మర్చిపోని వాక్యం అదొక్కటేనట. దాంతో వాంగ్మూలం నమోదు చేయడం కష్టం. పక్క స్టేషన్‌కు ఫోను. వాళ్లకూ టాయిలెట్ దాకానే వచ్చు. ఇంత హడావుడిలో ఎవరికీ తట్టని సంగతేమిటంటే, కావలసిన అర్హత ఉన్న మనిషి బేడీలతో ఎదురుగానే ఉన్నాడు. అవి విప్పి చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డర్ పెడితే ఒక ఖాళీ భర్తీ అయ్యేది.

1974 దాకా సివిల్ సర్వీసులో చేరాలంటే ఐరిష్ రావాల్సిందే. ఆ నిబంధన ఎత్తేసి బోనస్ మార్కులన్నారు. 2013లో అవీ ఎత్తేశారు. చదివినవాడికి డబ్లిన్‌లో ఆ భాష పెళ్లిపత్రికలో తాతగారి పేరులాంటిది. అందరికన్నా పైన అచ్చు వేస్తారు, భోజనాల దగ్గర పిలిచే దిక్కుండదు. బ్రస్సెల్స్‌లో అలా కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి ఐరిష్ అధికార భాష. అక్కడ అనువాదకుడికి అదే కూడు పెడుతుంది. విమానం ఎక్కకుండా ఎవడు ఉంటాడు?

వెళ్లలేనిది ఐర్లండ్ పడమటి దిక్కున, ఐరిష్ ఇంకా ఇంటిభాషగా ఉన్న కానమారా తీరంలో పుట్టి పెరిగిన ముసలావిడ. పెన్షన్ సంగతి తన భాషలో అడిగితే, ‘‘ఇంగ్లీషు వచ్చుగా?’’ అంటారు. మన బ్యాంకు కౌంటర్ల దగ్గర ఇలాంటి ప్రశ్న తిన్నవాళ్లకు నేను విడమరచక్కర్లేదు. వచ్చయ్యా, ఆవిడకు రెండు భాషలూ వచ్చు. రానిది నీకు! ఒక్క భాషతో నువ్వు కుర్చీలో కూర్చుంటావు, రెండు భాషలు వచ్చిన ఆవిడ నీ ముందు నిలబడి నొచ్చుకోవాలా? ఆవిడ పన్ను కట్టిన డబ్బు ఏ భాషలో ఉందని తీసుకున్నారు?

సరే, లెక్కల్లోకి వద్దాం. 2021 చట్టం ప్రకారం 2030 చివరికి ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవాళ్లలో 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలి. విద్యాశాఖ సిబ్బందిలో ఐరిష్ వచ్చినవాళ్లు 1.5 శాతం నుంచి 3 శాతానికి పెరగాలంటే 28 ఏళ్లు పడుతుందని తొలి భాషా కమిషనర్ 2013లో చెప్పారు. మొత్తం సిబ్బందిలో 20 శాతం కావాలంటే, అదే నడకన, సుమారు 345 ఏళ్లు. అంటే 2358. చట్టం కాస్త తొందరపడినట్టుంది.

ఈ లెక్క చెప్పిన కమిషనర్ ఆ డిసెంబరులోనే రాజీనామా ప్రకటించారు. ఐరిష్ వచ్చిన ఉద్యోగి ఇంకొకరు తగ్గారు.