తేదీలు ముందా, ప్రశ్నలు ముందా?

చీరాలలో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఆయన అన్నగారి అమ్మాయి. ఆమె కూడా ఇప్పుడు హైస్కూల్లో సోషలే చెబుతోంది. పిల్లలకు చరిత్ర రావడం లేదన్న సంగతి ఇద్దరూ ఒప్పుకుంటారు. ఎందుకు రావడం లేదన్న దగ్గరే గొడవ.

బాబాయ్: కాకతీయులు ముందా, విజయనగరం ముందా అని మన వీధిలో తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి అడిగానమ్మా. "రెండూ ఒకటే కదా తాతగారూ" అన్నాడు. పైగా అల్లూరి, కొమురం భీం ప్రాణస్నేహితులట. సినిమాలో చూశాడట.

టీచర్: మా క్లాసులోనూ అంతే. అల్లూరి 1924లోనే చనిపోయాడు, భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో అని చెప్పాను. రాసుకున్నారు, మర్చిపోయారు.

బాబాయ్: మర్చిపోరా మరి! చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం, పదో తరగతిలో అన్నీ కలిపి వంద మార్కులు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ. పదహారేళ్లు నిండకుండానే చరిత్రకు నీళ్లొదిలేస్తున్నారు. దానికి వేరే పేపర్ పెట్టాలి, తేదీలు వరసగా కంఠస్థం చేయించాలి.

టీచర్: కంఠస్థం చేసినవాళ్లను చూడాలంటే గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లండి. అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసిందెప్పుడంటే 1922 ఆగస్టు 22 అని నిద్రలో లేపినా చెబుతారు. ఎందుకు జరిగిందంటే "బ్రిటిష్‌వాళ్ల మీద కోపం". 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు చేసుకునేవాడి బతుకు ఏమైందో బిట్ పేపర్‌లో రాదు కదా.

బాబాయ్: పుస్తకంలో మాత్రం ఎంతుంది? ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో అల్లూరి నడిపిన గూడెం కొండల తిరుగుబాటు కాసిని పేరాల్లో అయిపోతుంది.

టీచర్: అందుకే పుస్తకం దాటాలంటాను. మన ఊరే చూడండి. చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో జనం ఊరు ఖాళీ చేసి రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. దాన్ని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన బిరుదు ఆంధ్రరత్న, ఆయన వాలంటీర్ల దళం రామదండు, మా పిల్లలకు ఈ మూడు మాటలే వచ్చు. నేను ఇంటిపన్ను రసీదులు తెమ్మన్నాను. ఇది ఎంత పెరిగితే మీరు ఇల్లొదిలి పాకలోకి వెళ్తారు అని అడిగాను. క్లాసంతా గోల! ఎండల్లో నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, వెళ్లనన్నవాళ్లను ఏం చేశారు అని ఒకటే ప్రశ్నలు. నేతవాళ్ల అమ్మాయి ఒకతె లేచి, "గుంట మగ్గాన్ని ఎలా మోసుకెళ్తారు టీచర్?" అంది. నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న.

బాబాయ్: బాగానే ఉంది. కానీ అదే ఏడాది దేశమంతా సహాయ నిరాకరణ నడుస్తోందని తెలియకపోతే, వాళ్లకది ఒట్టి మున్సిపాలిటీ తగాదా. దగ్గర్లోనే ఉన్న పాత ఓడరేవు మోటుపల్లికి తీసుకెళ్లు. 1244 నాటి శాసనం. తుఫానుకు దెబ్బతిన్న ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారు, నేను సుంకం తప్ప ఏమీ తీసుకోను అని కాకతీయ రాజు గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు. కాకతీయులు ఎవరో, ఏ కాలంవాళ్లో తెలియని పిల్లాడికి అది ఉత్త రాయి.

(ఇక్కడ నా ఓటు బాబాయ్‌కే. ముందూ వెనకా తెలియకుండా ప్రశ్న పుట్టదు.)

టీచర్: కాలక్రమం వద్దనలేదు బాబాయ్. ఆరో తరగతి నుంచే గోడమీద కాలరేఖ గీయించాలి, ఏ పాఠమైనా దానిమీద గుర్తు పెట్టించాలి. కాకపోతే పరీక్ష మారాలి. ఆ శాసనం ముక్కే ప్రశ్నపత్రంలో ఇచ్చి, దీన్నిబట్టి ఏం చెప్పగలం, ఏం చెప్పలేం అని అడగాలి.

బాబాయ్: దిద్దేదెవరు? స్పాట్‌లో కట్టలు కట్టలు ముందు పడేస్తారు. కీలో లేని జవాబుకు మార్కు వేశావా, సంజాయిషీ రాసుకో. నేను దిద్దినవాణ్ణేనమ్మా.

టీచర్: దిద్దేవాళ్లకూ ట్రైనింగ్ ఇవ్వాలి. ఏ జవాబుకు ఎంతవరకు మార్కులు వేయవచ్చో నమూనాలు ఇవ్వాలి. కష్టమే, కాదనను. దానికంటే తల్లిదండ్రులతో కష్టం. మొన్న ఆ అమ్మాయి వాళ్ల నాన్న వచ్చి, "సిలబస్ అవ్వకుండా మగ్గాల గోలేంటమ్మా" అన్నారు.

బాబాయ్: ఏం చెప్పావు?

టీచర్: ఆయనా నేత పనే. గుంట మగ్గం విప్పితే మళ్లీ బిగించడానికి ఎంత పని పడుతుందో చెప్పమన్నాను. అరగంట చెప్పారు, పిల్లలంతా విన్నారు. వెళ్తూ వెళ్తూ మళ్లీ సిలబస్ ఎప్పుడవుతుందని అడిగారు.

బాబాయ్: అడగడా మరి! పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంతకీ నీ కాలరేఖ ఎంతదాకా వచ్చింది?

టీచర్: రెడ్డిరాజుల దగ్గరుంది.