యారాడ కొండ మీద మనోళ్ల ఘనకార్యాలు

ఆదివారం కదా అని పిల్లల్ని వేసుకుని వైజాగ్‌లోని యారాడ కొండకి, అదే డాల్ఫిన్ నోస్‌కి బయల్దేరాం, ఘాట్‌లో మలుపు మలుపుకీ బైకులాపి సెల్ఫీలు, హారన్ కొట్టానని నన్నే తిట్టాడొకడు! పైన రాతి మీద కూర్చుందామంటే బీరు సీసా పెంకులు, పక్కనే తెల్ల పెయింటుతో లవ్ సింబలూ బాణమూ రెండు పేర్లూ. ఒరేయ్ నాయనా, ఈ కొండ సముద్రానికి అడ్డంగా నిలబడబట్టే కదా 1933లో మన వైజాగ్‌కి పోర్టొచ్చింది, అది నీ ప్రేమకథకి నోటీసు బోర్డా?

లైట్‌హౌస్ ఎక్కుదామంటే టైమ్ అయిపోయిందట. టైమింగ్స్ రాసిన బోర్డు మీద ఎవడో పెళ్లిళ్ల బ్యూరో పోస్టర్ అంటించి పోయాడు, ఇంకేం తెలిసి చస్తుంది మాకు?

మా చిన్నోడు పాపం చిప్స్ కవర్ పట్టుకుని డస్ట్‌బిన్ కోసం వెతికీ వెతికీ చివరికి నా జేబులో కుక్కేశాడు. ఇంటికొచ్చి చూస్తే చొక్కా అంతా మసాలా.