మీ మాట ఎవరి కోసం ఖర్చవుతోంది?

"మనకేం పలుకుబడి ఉంది బ్రదర్? మామూలు మనుషులం. ప్రార్థన చేసుకోవడం తప్ప ఏం చేయగలం?"

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక బ్రదర్ నాతో అన్న మాట ఇది. చాలా మంచి మనిషి, వినయంగానే అన్నారు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆయనకు ఎదిగే పిల్లలు ఇద్దరున్నారు. ఆఫీసులో ఆయన కింద ఆరుగురు పనిచేస్తారు. సంఘంలో యువకులు ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు ఆయన్నే అడుగుతారు. ఇంతమంది తన మాట కోసం చూస్తుంటే, తనకు పలుకుబడి లేదంటున్నారు.

పలుకుబడి అన్న మాటను మనమే పాడుచేసుకున్నాం. అది వినగానే పెద్ద పదవి, ఒక్క ఫోన్ చేస్తే పనైపోయే పరిచయాలు గుర్తొస్తాయి. ఆ మాటలో మొదట ఉన్నది పలుకు. మన పలుకు మీద ఎదుటివాళ్లకు ఎంత గురి ఉందో అంతే మన పలుకుబడి. మీ మాట నమ్మే మనిషి ఒక్కరున్నా మీకు అది ఉన్నట్టే. దాన్ని ఇప్పటిదాకా ఎవరి కోసం వాడాం? నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే.

రెండవ రాజులు 5వ అధ్యాయంలో ఒక చిన్నపిల్ల ఉంది. పేరు కూడా రాయలేదు. ఇశ్రాయేలు దేశం నుంచి సిరియా సైన్యం చెరపట్టి తీసుకుపోయిన పిల్ల. ఆ సైన్యాధిపతి నయమాను ఇంట్లోనే, అతని భార్య దగ్గర దాసిగా ఉంది. ఈ లోకంలో ఎవరికైనా పలుకుబడి లేదని చెప్పాలంటే ముందు ఆ పిల్ల పేరే చెప్పాలి. నయమానుకు కుష్ఠు. ఆ పిల్ల తన యజమానురాలితో ఒకే ఒక్క మాట అంది: మా ప్రవక్త దగ్గరికి వెళ్తే అయ్యగారికి నయమవుతుంది. ఆ మాట భార్య నుంచి నయమానుకు, నయమాను నుంచి సిరియా రాజుకు చేరింది. రాజు ఇశ్రాయేలు రాజుకు ఉత్తరం రాసి పంపాడు. చెరలో ఉన్న దాసి మాట విని ఒక రాజు కదిలాడంటే, ఆ ఇంట్లో ఆ పిల్ల ఎలా మసలుకుని ఉంటుందో ఆలోచించండి. అబద్ధాలాడే పిల్లైతే, మొహం చిట్లించుకుని తిరిగే పిల్లైతే ఆ మాట గడప దాటేది కాదు. అంతేకాదు, యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని ప్రవక్త చెబితే నయమానుకు కోపం వచ్చి వెనక్కి తిరిగినప్పుడు, "నాయనా" అని పిలిచి నచ్చజెప్పింది కూడా అతని పనివాళ్లే. ఆ అధ్యాయంలో రాజులిద్దరున్నారు. నయమానును మాత్రం కదిలించింది పనివాళ్ల మాటలే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్లుగా, పోయిన నెల దాకా, ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నేను పనిచేసే చోట ఒక కొత్త ప్రాజెక్టుకు మనుషుల్ని ఎంచుకుంటున్నారు. ఒక కుర్రాడి పేరు వచ్చింది. అతని మీద, పాత చోట ఏదో గొడవ పడి బయటికొచ్చాడని ఒక మాట తిరుగుతోంది. అసలు జరిగిందేమిటో నాకు తెలుసు. తప్పు అతనిది కాదు. అతని పని ఎంత శుభ్రంగా ఉంటుందో దగ్గరుండి చూసినవాణ్ని. మా పైఅధికారి చుట్టూ చూసి, "ఇతని గురించి ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. ఆ గదిలో నా మాటకు విలువ ఉండేది. నేను ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెప్పలేదు. రేపు ఏదైనా తేడా వస్తే నా పేరు కూడా పోతుందేమోనని టెన్షన్. మౌనంగా కాగితాల వైపు చూస్తూ కూర్చున్నాను. పేరు కొట్టేశారు. కొన్ని నెలలకు ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చి చేయి కలిపి, "మీరు బాగా చూసుకున్నారు సార్" అన్నాడు. ఆ రోజుల్లో నేను సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని.

నేను అబద్ధమాడలేదు, ఎవరినీ తిట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. నా పాపాల లెక్కలో రాసుకోవడానికి ఆ రోజు ఏమీ లేదని చాలాకాలం అనుకున్నాను.

తర్వాతెప్పుడో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చదువుతుంటే బర్నబా దగ్గర ఆగిపోయాను. తర్వాత పౌలుగా పేరుపడ్డ సౌలు యేసును నమ్మి మారాడు. మారి యెరూషలేముకు వచ్చాడు. శిష్యుల్లో ఎవరూ నమ్మలేదు, అందరూ భయపడ్డారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇళ్లలో దూరి మనుషుల్ని ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించినవాడు ఇప్పుడు నేనూ మీవాణ్నే అంటే ఎవరు నమ్ముతారు? అప్పుడు బర్నబా అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. అతనికి ప్రభువు ఎలా కనబడ్డాడో, దమస్కులో ఎంత ధైర్యంగా బోధించాడో దగ్గరుండి వివరించాడు. అంటే పూచీ పడ్డాడు. సౌలు మోసగాడని తేలితే మొదట పోయేది బర్నబా పేరే. సంఘంలో అప్పటికి మంచి పేరున్నవాడు, పొలం అమ్మి ఆ డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవాడు. కూడబెట్టుకున్న ఆ మంచి పేరునంతా తీసుకెళ్లి, ఎవరూ నమ్మని ఒక మనిషి మీద పెట్టాడు. నేను ఆ గదిలో దాచుకున్నది సరిగ్గా దాన్నే.

అంతటితో వదల్లేదు. సౌలు తార్సుకు వెళ్లిపోయాక, అంతియొకయలో సంఘం పెరుగుతున్నప్పుడు, బర్నబా మళ్లీ తార్సుదాకా వెళ్లి వెతికి అతన్ని తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాది పాటు కలిసి బోధించారు. మనల్ని క్రైస్తవులని పిలవడం మొదలైంది ఆ అంతియొకయలోనే. ఒక చిన్న సంగతి గమనించండి. మొదట్లో "బర్నబాయు సౌలును" అని రాసి ఉంటుంది. 13వ అధ్యాయం నుంచి చాలాచోట్ల "పౌలును బర్నబాయు" అని మారిపోతుంది. తాను చేయిపట్టి తీసుకొచ్చినవాడు తనను దాటి ముందుకెళ్లాడు. దానికి బర్నబా మూతి ముడిచినట్టు ఎక్కడా లేదు.

మార్కు విషయంలోనూ అంతే చేశాడు. ప్రయాణం మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడని పౌలు అతన్ని వద్దన్నాడు. బర్నబా పట్టుబట్టాడు. బంధువు కాబట్టి వెనకేసుకొస్తున్నాడని అప్పుడు ఎవరైనా అనుకున్నా ఆశ్చర్యం లేదు. వాదన ముదిరి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని కుప్ర ద్వీపానికి ఓడ ఎక్కాడు. చాలా ఏళ్ల తర్వాత అదే పౌలు, మార్కును వెంటబెట్టుకు రమ్మని, అతను తన పరిచర్యకు పనికొస్తాడని తన శిష్యుడు తిమోతికి రాశాడు. మన చేతిలో ఉన్న రెండవ సువార్త ఆ మార్కు పేరుతోనే ఉంది.

బర్నబా అసలు పేరు యోసేపు. అపొస్తలులు పెట్టిన పేరుకు అర్థం మన పాత అనువాదంలో "హెచ్చరిక పుత్రుడు" అని ఉంటుంది. ఈ రోజు మన చెవికి హెచ్చరిక అంటే బెదిరింపులా వినిపిస్తుంది. అక్కడి అర్థం వెన్ను తట్టడం, ధైర్యం చెప్పి నిలబెట్టడం. మన సంఘాల్లో మొదటి రకం హెచ్చరిక పుత్రులు ఎక్కువయ్యారు, రెండో రకం తగ్గిపోయారు. ఈ మాట బాధతోనే అంటున్నాను.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం చూడండి. పేతురు అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే వాళ్లకు భయపడి ఆ బల్ల దగ్గర నుంచి తప్పుకున్నాడు. తప్పుడు బోధ ఏదీ చేయలేదు. లేచి వేరే చోట కూర్చున్నాడు, అంతే. మిగతా యూదులూ లేచారు. ఆఖరికి బర్నబా కూడా లేచాడు. అంత మంచి బర్నబా! ఒక పెద్దమనిషి ఎక్కడ కూర్చుంటాడో చూసి, ఎవరితో కూర్చోవచ్చో ఎవరితో కూర్చోకూడదో మిగతావాళ్లు నేర్చుకుంటారు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడంటే అది ఎంత పెద్ద విషయమో అర్థం చేసుకోవచ్చు.

పక్కన కూర్చోవడం ఎంత పెద్ద పనో నాకు అనుభవంలో తెలుసు. ఒక దశలో నేను సంఘానికి దూరంగా ఉన్నాను. కారణాలు ఇక్కడ రాయను. తిరిగి వచ్చిన రోజు అందరూ చూశారు, కొందరు గుసగుసలాడారు, ఎవరూ దగ్గరికి రాలేదు. పెద్దావిడ ఒకరు, అందరూ గౌరవించే సిస్టర్, ముందు వరుసలోంచి లేచి వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుని పాటల పుస్తకం మధ్యలో పెట్టారు. ఏమీ అడగలేదు. ఆరాధన అయ్యేసరికి నలుగురు వచ్చి పలకరించారు. ఆవిడ అలా లేచి రాకపోతే వాళ్లు వచ్చేవాళ్లు కాదు, మరుసటి ఆదివారం నేనూ వచ్చేవాణ్ని కాదు.

డెస్మండ్ టుటు తన చిన్ననాటి సంగతి ఒకటి పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి వాళ్లను మనుషుల్లా చూడని రోజులు. వాళ్లమ్మ వంటపని, ఇంటిపని చేసి బతికే మనిషి. ట్రెవర్ హడిల్‌స్టన్ అనే తెల్లజాతి క్రైస్తవ గురువు ఆమె ఎదురైనప్పుడు టోపీ ఎత్తి గౌరవం చూపించాడు. ఒక తెల్లాయన తన తల్లికి అలా చేయడం ఆ పిల్లాడు నమ్మలేకపోయాడు. తర్వాత క్షయతో ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు ఆ గురువే వచ్చి చూసి వెళ్లేవాడు. ఆ పిల్లాడు ఆర్చిబిషప్ అయ్యాడు, 1984లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. తన కొడుక్కి ట్రెవర్ అని పేరు పెట్టుకున్నాడు. టోపీ ఎత్తడానికి ఎన్ని క్షణాలు పట్టి ఉంటుంది?

"నా గతం తెలిసినవాళ్లు నా మాట ఎవరు వింటారు?" అని అడిగేవాళ్లకు జాన్ న్యూటన్ గురించి చెప్తాను. బానిసల ఓడలకు కెప్టెన్‌గా చేసిన మనిషి. తర్వాత దైవసేవకుడయ్యాడు. 1785 డిసెంబర్‌లో విలియం విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ల బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఆయన్ను కలిశాడు. కొత్తగా విశ్వాసం పుట్టింది, రాజకీయాలు మానేయాలా అని మథనపడుతున్నాడు. మానొద్దు, దేవుడు నిన్ను అక్కడే వాడుకుంటాడని న్యూటన్ నచ్చజెప్పాడు. 1788లో బానిసల వ్యాపారంలో తాను చేసినది, చూసినది బయటపెడుతూ ఒక చిన్న పుస్తకం కూడా వేశాడు. విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడాక, ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది. అదే ఏడాది చివర్లో న్యూటన్ చనిపోయాడు. తన చీకటి గతాన్ని దాచుకోకుండా సాక్ష్యంగా ముందు పెట్టాడు కాబట్టే ఆ మాటకు అంత బరువు వచ్చిందని నా నమ్మకం.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ప్రేయర్ రిక్వెస్ట్ పేరుతో మనం చేస్తున్న పని. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, వాళ్ల ఇంట్లో..." అని మొదలుపెట్టి ఆ ఇంటి గుట్టంతా వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాం. చివర్లో చేతులు జోడించిన బొమ్మ. ప్రార్థించడానికి దేవునికి అన్ని వివరాలు అవసరమా? ఆ సిస్టర్ మన సంఘంలో మళ్లీ తలెత్తుకుని నడవాలంటే ఎన్నేళ్లు పడుతుంది? బర్నబా తన పేరు పెట్టి ఇంకొకరి పేరు నిలబెట్టాడు. మనం మన భక్తిని అడ్డుపెట్టుకుని ఇంకొకరి పేరు తీసేస్తున్నాం. నిజమో కాదో చూడకుండా ఫార్వర్డ్ చేసే సందేశాలదీ ఇదే కథ. "బ్రదర్ పంపారంటే నిజమే అయ్యుంటుంది" అని నమ్మేవాళ్లు ఉంటారు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞలో వేలితో నొక్కి పంపినదానికి మినహాయింపు ఏమీ లేదు.

ఇంకొకటి. సహాయం చేసి, ఆ చేత్తోనే వెంటనే సువార్త అందుకోమని ఒత్తిడి పెట్టడం నాకు నచ్చదు. నేను యేసును నమ్ముతాను, ఆయన గురించి చెప్పడానికి సిగ్గుపడను. కానీ ప్రేమను ఎరగా వాడితే అది ప్రేమ కాకుండా పోతుంది. పేతురు తన మొదటి పత్రికలో, మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగే ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంతో, భయంతో. అడిగే ప్రతివాడికీ! అంటే ముందు ఎదుటివాడికి అడగాలనిపించాలి. మనం కోపం అణుచుకున్నప్పుడు, తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగినప్పుడు, మనకు లాభం లేని చోట ఒకరి పక్షాన నిలబడినప్పుడు పుట్టే ప్రశ్న అది.

మరి మంచి పని నలుగురికీ కనబడితే డంబం కాదా అంటారు. యేసు ఒకే ప్రసంగంలో మీ వెలుగు ప్రకాశించనివ్వండని చెప్పాడు, మనుషులకు కనబడాలని మీ నీతికార్యాలు చేయొద్దనీ చెప్పాడు. నాకు తోచిన తేడా ఇది: పని అయ్యాక ఎవరి పేరు పెరిగిందో చూసుకోవాలి. యెరూషలేములో ఆ రోజు పెరిగింది సౌలు పేరు.

ఆ కుర్రాడి నంబరు నా దగ్గర ఇంకా ఉంది. పోయిన నెల ఫోన్ చేసి, ఆ రోజు గదిలో ఏం జరిగిందో చెప్పాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు బాగానే ఉన్నాను సార్" అన్నాడు. క్షమించానని అనలేదు. అనమని నేను అడగలేదు.

ఈ గురువారం మా ఆఫీసులో మళ్లీ అలాంటి మీటింగే ఉంది. ఒక అమ్మాయి పేరు రాబోతోంది. ఆమె గురించీ ఏవో మాటలు తిరుగుతున్నాయి. ఆమె పని నాకు తెలుసు. ఎవరైనా అడిగేదాకా ఆగను, ముందే చేయెత్తి చెప్తాను.