క్షయకరణం అనే మాట దగ్గరే చిక్కంతా ఉంది

నెల్లూరులో పదో తరగతి చదువుతున్న నా మేనకోడలు మొన్న సెలవులకు కోవూరు దగ్గరి మా ఊరికి వచ్చి, "ఎలక్ట్రాన్లు వచ్చి చేరితే దాన్ని క్షయం అంటారేంది మామా?" అని అడిగింది. తరగతిలో ఇదే అడిగితే, ఎలక్ట్రాన్లు పోతే ఆక్సీకరణం, వస్తే క్షయకరణం, అంతవరకు గుర్తుంటే మార్కులు పడతాయి అన్నారట. బడి పేరు చెప్పను గానీ, నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు.

ఇంగ్లీషులో రిడక్షన్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం తిరిగి తీసుకురావడం. ఖనిజం నుంచి లోహాన్ని రాబట్టే పనికి ఆ పేరు పెట్టారు. 160 గ్రాముల హెమటైట్ అనే ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను తీసేస్తే 112 గ్రాముల ఇనుము మిగులుతుంది కనుక, బరువు తగ్గడమూ నిజమే. మన పుస్తకాలు ఆ తగ్గడాన్ని పట్టుకుని క్షయకరణం అన్నాయి. ఎలక్ట్రాన్ రుణావేశం కలది కాబట్టి అది చేరినప్పుడు ప్లస్ మూడుగా ఉన్న ఇనుము ప్లస్ రెండు అవుతుంది, అంటే తగ్గేది ఆ ప్లస్ అంకె, దాన్నే ఆక్సీకరణ సంఖ్య అంటారు. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఆక్సీకరణం అనే పేరూ చిక్కులో తక్కువది కాదు. ఆమ్లాలన్నిటికీ ఒకే వాయువు మూలమని పొరబడి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజే ఆ వాయువుకు, ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంలో, ఆక్సిజన్ అని పేరు పెట్టాడు, తీరా చూస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదు. సోడియం క్లోరిన్‌లో మండి ఉప్పుగా మారినప్పుడు కూడా ఆక్సిజన్ జాడ ఉండదు, అయినా ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంది కనుక సోడియం ఆక్సీకరణం చెందినట్టే.

పిల్లలకు సోడియం చూపించలేం కానీ, మా జిల్లాలో వరి మడి చూపించలేని బడి ఎక్కడుంది? మడిలో నీరు నిలిపితే గాలి బురదలోకి సరిగా దిగదు, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు త్వరలోనే వాడేస్తాయి. అవి కుళ్ళిన గడ్డి నుంచి తీసిన ఎలక్ట్రాన్లను ఎవరికో ఒకరికి ఇవ్వాలి కనుక, ఆక్సిజన్ తరువాత నైట్రేటుకు, ఆపైన మాంగనీసుకు, తుప్పు రూపంలో ఉన్న ఇనుముకు, ఆ తరువాత సల్ఫేటుకు ఇస్తాయి. నైట్రేటు ఇలా నైట్రోజన్ వాయువై గాలిలో కలిసిపోతుంది, అందుకే నీరు నిలిచే వరికి అమ్మోనియా రూపంలోని నత్రజని ఎరువు మేలు. ఇనుము ఎలక్ట్రాన్ పుచ్చుకున్నప్పుడు నీటిలో కరిగి, బురద బూడిద రంగుకు తిరుగుతుంది. సల్ఫేటు వంతు వచ్చేసరికి కుళ్ళిన గుడ్డు వాసన లేస్తుంది. మా నాయన ఆ వాసన పట్టి నీరు తీసేసి మడి ఆరగట్టేవాడు. ఆయనకు రసాయన శాస్త్రం రాదు, పని మాత్రం సరిగ్గా అదే.

మడి గట్టున కూర్చుని ఇదంతా చెబుతుంటే, పిల్ల ఒక దుబ్బు పీకి వేళ్ళు కడిగింది. వాటిమీద తుప్పు రంగు పూత ఉంది. ఆకుల నుంచి వరి తన కాడలోని బోలు దారుల గుండా ఆక్సిజన్‌ను వేళ్ళకు దింపుతుంది, అక్కడికి చేరిన ఇనుము ఎలక్ట్రాన్‌ను వదిలి మళ్ళీ తుప్పు అవుతుంది. సల్ఫేటు నుంచి పుట్టే ఆ గంధక వాయువు ఎక్కువై వేరు నల్లబడితే మొక్కకు ముప్పు.

"అయితే ఇనుము ఆక్సీకరణియా, క్షయకరణియా?" అంది.

ఎదుటిదాని నుంచి ఎలక్ట్రాన్ పుచ్చుకునేది ఆక్సీకరణి, ఎదుటిదానికి ఇచ్చేది క్షయకరణి. పరీక్షలో ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఉన్నట్టు అడుగుతారు. బురదలో సూక్ష్మజీవి నుంచి ఎలక్ట్రాన్ పుచ్చుకున్న తుప్పు అక్కడ ఆక్సీకరణి. కరిగిన అదే ఇనుము అంగుళం దూరంలో, వేరుమీద ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చేటప్పుడు క్షయకరణి. ఆ పిల్ల దుబ్బును మళ్ళీ బురదలో గుచ్చి, "అంటే ఇది దాని గుణం కాదు, అప్పటికి అది చేసే పని" అంది.