ఎర్ర ప్లనేరియా గారికి ఖాళీ చేయవలసిందిగా విన్నపం

పగడాల తొట్టిలో చేరి పెరిగే సన్నటి ఎర్ర పురుగులైన మహారాజశ్రీ ఎర్ర ప్లనేరియా గారి సముఖమునకు, విజయవాడ మొగల్రాజపురంలో మూడో అంతస్తు మీద ఉన్న 300 లీటర్ల సముద్రానికి నామమాత్రపు యజమాని నమస్కరించి వ్రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదలుపెట్టడం మా పెద్దల ఆనవాయితీ. ఇక్కడ అంటే మా సోఫా, అక్కడ అంటే ఆ సోఫాకు నాలుగడుగుల దూరంలో ఉన్న గాజు తొట్టి కాబట్టి తలచవలసిన శ్రమ నాకు లేదు. తమరి క్షేమాన్ని రోజూ లైట్లు వెలిగిన గంటకల్లా కళ్లారా చూస్తూనే ఉన్నాను. మా క్షేమం సంగతి తమరు ఇంతవరకు అడగలేదు గనుక నేనే కింద వివరిస్తున్నాను.

కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాడికి ఈ ఉప్పునీళ్ల పిచ్చి ఏమిటని మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. నది తన దారిన తాను హంసలదీవి దాకా పోయి సముద్రంలో కలుస్తుంటే, నేను ఆ సముద్రాన్ని మెట్ల మీదుగా ఇంటికి మోసుకొచ్చాను. కుళాయి నీటిని ఆర్.ఓ. యంత్రంలోకి పంపి, అందులో ఉన్నదంతా తీసివేసి, ఏమీ లేని ఆ నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన పది కిలోల పైచిలుకు ఉప్పు కలిపాను. "కూరలో చిటికెడు ఎక్కువైతే కంచం తోసేసేవాడివి" అని అమ్మ ఆ రోజు అన్న మాట న్యాయమైనదే. బెజవాడ మే నెల ఎండలో మనుషులు తడిగుడ్డలు కప్పుకుని పడుకునే వేళ, నీటి వేడి 26 డిగ్రీలు దాటకుండా చిల్లర్ కూడా బిగించాను. మా పడకగదిలో ఇప్పటికీ ఏసీ లేదు. ఇదంతా తమరి కోసం చేస్తున్న ఏర్పాటని అప్పట్లో నాకు తెలియదు.

తమరు పిలవని పేరంటానికి వచ్చారని అనడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే తలుపు తీసింది నేనే. రాతి పగడాల జోలికి నేను పోలేదు. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పుట్టగొడుగు పగడాలు, జోవాంథస్‌ల వంటి మెత్తని జాతులతోనే తృప్తిపడ్డాను. అటువంటి ఒక పుట్టగొడుగు పగడం, అరచేతిలో పట్టేంత రాయికి అంటుకుని, చెన్నై నుంచి రాత్రి బస్సు పార్సిలులో వచ్చింది. కొత్తగా వచ్చిన ఏ రాయినైనా వేరే బకెట్టులో మందు కలిపిన ఉప్పునీటిలో పది నిమిషాలు ముంచి, బాగా జాడించి, వీలైతే కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచి చూసి, ఆ తర్వాతే పెద్ద తొట్టిలో పెట్టాలన్న సంగతి నాకు బాగా తెలుసు. ఇతరులకు చెప్పాను కూడా. కానీ ఆ రోజు పార్సిలు ఆలస్యంగా చేరింది, రాత్రి పదకొండు దాటింది, మందు సీసా పై అలమారలో ఉంది, స్టూలు వంటింట్లో ఉంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నందుకు ఐదు నెలలుగా వడ్డీ కడుతున్నాను.

మొదట తమరు ఏడుగురే కనిపించారు. నువ్వుగింజంత దేహం, ఇటుక రంగు, తోక దగ్గర మూడు పాయలు. కాళ్లు లేవు, ఈదడం లేదు, అయినా అద్దం మీద నూనెచుక్క జారినట్లు జారిపోవడం చూసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, ముచ్చటపడ్డాను. మా అబ్బాయి భూతద్దం తెచ్చుకుని మరీ చూశాడు. ఒంట్లోనే నాచుకణాలను కాపురం పెట్టుకుని, వాటిచేత వెలుతురులో వంట చేయించుకు తినే తమరికి నేను వేల రూపాయలు పోసి కొన్న పగడాల లైట్లు ఎంత అనుకూలమో అప్పుడు తట్టలేదు. సంతానం విషయంలోనూ తమరిది స్వయంపోషక పథకమే. పెళ్లి లేదు, పేరంటం లేదు; వెనకభాగంలో ఒక మొగ్గ వేస్తుంది, ఆ మొగ్గ తల తల్లి తలకు ఎదురు దిక్కున ఉంటుంది, కొన్నాళ్లకు అది ఊడి తన దారి తాను చూసుకుంటుంది. బడి పుస్తకంలో దీన్ని కోరకీభవనం అన్నారు. కన్నవారికి పుట్టుకతోనే ఎడమొగం పెట్టే పిల్లల గురించి మాత్రం అందులో చెప్పలేదు.

నెలన్నర తిరిగేసరికి లెక్క వదిలేశాను. ప్రవాహం మందగించి వెలుతురు పడే ప్రతి చోటా తుప్పు పట్టినట్లు పరుచుకున్నారు. పగడాన్ని తమరు కొరకరన్న మాట నిజమే. దాని మీద పదిమంది చొప్పున కూర్చుని వెలుతురు తగలనివ్వరు, అంతే. ఆక్రోపోరా అనే రాతి పగడాన్ని కొరికి, దాని మాంసం పోయిన అస్థి మీద గుడ్లు అంటించి పోయే బల్లపరుపు పురుగు ఒకటి ఉన్నదనీ, ముంచే మందుకు పురుగు రాలుతుంది కానీ గుడ్లు చావవు గనుక వారం వారం మళ్లీ ముంచవలసి వస్తుందనీ చదివి, నా ఇంటికి వచ్చింది తమరే అయినందుకు ఒక రాత్రి దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను. వారు తమరి చుట్టాలేమోనని ఆరా తీస్తే, జన్యువులు పరిశీలించిన శాస్త్రజ్ఞులు తమరిని ఆ కుటుంబం నుంచే వేరు చేసి కూర్చోబెట్టారని తేలింది. సొంతవాళ్లు కూడా కాదన్నవారు నాకే దొరికారన్నమాట.

ఆరు చారల రాస్ చేపను తెచ్చాను. పురుగులను ఏరుకుతింటుందని దానికి పేరు. కొన్ని తింటాయట, కొన్ని తినవట. నాకు దొరికింది రెండో రకం. అది తమరి పక్కనుంచే వెళ్లి, నీటిలోని కోపీపాడ్‌లనే సన్నటి జీవులను తిని, తీరిక వేళల్లో గోబీ చేపను తరిమింది. ఆ కోపీపాడ్‌లే తమరికీ ఇష్టమైన భోజనం గనుక మీ ఇద్దరికీ సహపంక్తి కుదిరింది. తమవంటి పురుగులను తప్ప మరేదీ ముట్టని నీలి వెల్వెట్ స్లగ్ అనే సముద్రపు నత్త మహానుభావుడు ఒకడున్నాడు కానీ, పని పూర్తయిన రోజునే ఆకలితో పోవడం అతని ఉద్యోగ నిబంధన. అటువంటి ఉద్యోగంలో ఎవరినీ వేసుకోబుద్ధి కాలేదు.

ఇక మందు. ఇక్కడే తమరి అసలు ప్రతిభ తెలిసింది. బతికి ఉండగా తమరివల్ల చేపకు గీటు కూడా పడదు. చచ్చేటప్పుడు మాత్రం ఒంట్లోని విషమంతా నీటిలోకి వదిలి పోతారు. ఒకరు పోతే ఫరవాలేదు. వేలమంది ఒక్క గంటలో పోతే తొట్టి మొత్తం తమరితో సహగమనం చేయాలి. కోపంలో ఉన్న నాకు సీసా మీది హెచ్చరిక చదివే ఓపిక ఎక్కడిది? చుక్కలు లెక్కపెట్టి పోశాను. అరగంటలో తమరు అద్దం వదిలి, ముడుచుకుని, పోపులోంచి ఎగిరిన ఆవాల్లా నీటిలో తిరగడం చూసి చప్పట్లు కొట్టాను. మరో అరగంటకు నీరు పలచటి టీ రంగుకు తిరిగింది, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. రాత్రి రెండింటిదాకా విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పోస్తూ, నీళ్లు మారుస్తూ గడిపాను. రెండు ఆకుపచ్చ క్రోమిస్ చేపలు, ఆ గోబీ తెల్లవారేసరికి లేవు. రాస్ చేప నిక్షేపంగా ఉంది. వారం తిరగకముందే రాయి వెనక నుంచి తమరూ దర్శనమిచ్చారు.

ఆ తర్వాతి వారం ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే మా మేనమామ ఆసుపత్రి పని మీద బెజవాడ వచ్చి మా ఇంట దిగాడు. కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి ఆయన తోటను నిలువునా ముంచింది; పురుగును చూసే చూపు ఆయనకు వేరు.

"ఎంత కొట్టావు అల్లుడూ?"

"సీసా మీద ఉన్నంతే మావయ్యా."

"మేమూ డబ్బా మీద ఉన్నంతే కొట్టాంరా. పదిసార్లు కొట్టాం, పదిసార్లూ చచ్చింది. పదకొండోసారి చూస్తే మళ్లీ పూతలోనే కూర్చుని ఉంది. చివరికి నీలం జిగురట్టలు కట్టుకున్నాం. ముందు ఏరుకో. ఏరటానికి దొరకనంత తక్కువైనాక కొట్టు."

గ్లాసు నా చేతికిచ్చి, ఈ ఉప్పు నెలకు ఎంతవుతుందని అడిగాడు. నేను సగమే చెప్పాను.

అందుచేత గత ఇరవై రెండు రోజులుగా సాయంత్రం ఏడింటికి సన్నటి గాలిగొట్టం ఒక కొస తమరి మీద, మరో కొస బకెట్టులో పెట్టి పీల్చి తీస్తున్నాను. బకెట్టు మూతికి మా నాన్న పాత మల్లు పంచె ముక్క కట్టి, వడకట్టిన నీటిని తిరిగి తొట్టిలోనే పోస్తున్నాను. మొదటి రోజు ఆ గుడ్డ మీద, ఆవకాయ జాడీ అడుగున మిగిలే కారం ముద్దలా చెంచాడు మంది తేలారు. పదోరోజుకు వేళ్ల మీద లెక్కించే స్థితి వచ్చింది. నిన్న పదకొండు. ఈ రోజు నలుగురు. ఒక్కొక్కరూ గుడ్డకు తగలగానే చుక్కలా ముడుచుకుని, చుట్టూ నారింజ రంగు మరక విడిచారు. ఆ మరక సబ్బుకు పోవడం లేదు. అమ్మ ఆ గుడ్డను వంటింటి గడప దాటనివ్వడం లేదు.

కావున తమరికి తెలియజేయునది ఏమనగా, వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు, రాళ్లూ ఇసుకా పోను 250 లీటర్లకు లెక్కగట్టిన మందు తొట్టిలో పోయబడును. నీలం డ్రమ్ములో 75 లీటర్ల కొత్త ఉప్పునీరు శుక్రవారమే కలిపి ఉంచుతాను, కార్బన్ కడిగి సిద్ధం చేస్తాను, రాలినవారిని రాలినట్లే గొట్టంతో తీసివేస్తాను. మిగిలినవారి నిమిత్తం ఆపై ఆదివారం ఇదే కార్యక్రమం మరల జరుగును. మా వీధిలో వచ్చే ఆదివారమే మరమ్మతుల కోసం కరెంటు తీస్తారని లైన్‌మన్ అంటున్నాడు. అదే నిజమైతే పంపులు ఆగిన నీటిలో మందు పోయడం ప్రమాదం గనుక, ముహూర్తం సోమవారానికి మారుతుంది. ఆ ఒక్క రోజు, నా మీద దయ ఉంచి, తమరిలో ఎవరూ మొగ్గ వేయవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
తొట్టి యజమాని